నిద్ర కూడా ప్రాక్టీసే!

రాత్రి ఒంటిగంట దాకా పుస్తకాలు. నాలుగున్నరకే అలారం. అయిదింటికల్లా గ్రౌండ్‌లో పరుగు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు సిద్ధమవుతున్నా, యూనివర్సిటీ జట్టులో చోటు కోసం, స్పోర్ట్స్ కోటా కోసం చెమటోడుస్తున్నా... మీలో చాలామంది దినచర్య ఇదే. ‘ఉద్యోగం వచ్చాక పడుకోవచ్చులే’ అని సర్దిచెప్పుకొంటారు కూడా. లెక్క తప్పేది అక్కడే.

పరిగెత్తేటప్పుడు కండరం బలపడదు, అలసిపోతుంది. బలపడేది విశ్రాంతిలో. మరమ్మతుకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. పగలు చదివింది మెదడులో కుదురుకునేదీ నిద్రలోనే. కాబట్టి నిద్ర తగ్గిస్తే ఇటు గ్రౌండ్‌లో, అటు రాతపరీక్షలో రెండుచోట్లా నష్టమే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను అయిదు నుంచి ఏడు వారాలపాటు రోజూ కనీసం 10 గంటలు పడక మీద ఉండమన్నారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం వాళ్ల స్ప్రింట్ సమయం 16.2 సెకన్ల నుంచి 15.5కు తగ్గింది. ఇది చిన్న అధ్యయనమే. కానీ పరుగులో అర సెకను విలువేంటో మీకు వేరే చెప్పాలా? అక్కడి స్కూలు క్రీడాకారులపై 2014లో వచ్చిన మరో అధ్యయనంలో, 8 గంటల కన్నా తక్కువ నిద్రపోయేవారు గాయపడే అవకాశం 1.7 రెట్లు ఎక్కువని తేలింది.

అసలు భయం ఈ గాయమే. నోటిఫికేషన్ ఏటా రాదు. ఈవెంట్స్‌కు వారం ముందు తొడ కండరం పట్టేస్తే ఏళ్ల కష్టం గేటు దగ్గరే ఆగిపోతుంది.

మరి ఏం చేయాలి? 18 నుంచి 25 ఏళ్ల వారికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలంటారు నిపుణులు. అయిదింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోండి. అది కుదరని రోజు పరుగును సాయంత్రానికి మార్చుకోండి. మీ పీడీ సార్‌కు పరిస్థితి చెప్పండి, ఇందులో మొహమాటమేమీ లేదు. సాయంత్రం దాటాక టీ, కాఫీలొద్దు. ఫోన్‌ను చేతికందని చోట ఛార్జింగ్ పెట్టండి. మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు మంచిదే. పోటీ ముందురోజు టెన్షన్‌తో ఎలాగూ నిద్ర సరిగా పట్టదు. అందుకే అంతకుముందు వారమంతా కడుపునిండా తిన్నట్టు కంటినిండా నిద్రపోండి.

ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తారో డైరీలో రాసుకుంటున్నారుగా? ఇవాళ్టి నుంచి దాని పక్కనే ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా రాయండి. నెల తిరిగేసరికి మీ స్టాప్‌వాచే మీకు జవాబు చెబుతుంది.