విడిచి వెళ్లిన కానుక

ప్రాణమిత్రులిద్దరు మాటలు మానినప్పుడు, అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కనప్పుడు, “ఋణము తీరిపోయినది” అందుము. ఋణానుబంధమును నమ్మినవారి పలుకుబడి యిది. తెలుగు బైబిలులో, మత్తయి సువార్తయందలి ప్రభువు ప్రార్థనలోను ఈ ఋణమను మాటయే కలదు. అయితే మనము ఋణము తీరినదని బంధమును త్రెంచుకొందుము. ఆ ప్రార్థన, బంధము నిలుచుటకై ఋణమును మన్నింపుమని వేడును.

తెగిన స్నేహమును గూర్చి ప్రార్థించువారిని చూచినప్పుడు నాకొక సందేహము కలుగుచుండును. “దేవా, అతని మనసు మార్చుము, ఆమెకు బుద్ధి దయచేయుము” అనుట ప్రార్థనయా, ఫిర్యాదా? తోటివానిపై ఉపాధ్యాయునితో చెప్పుకొను బాలుని ధోరణికిని దీనికిని భేదమెంత?

మత్తయి సువార్త అయిదవ అధ్యాయమున యేసు చెప్పిన ఉపదేశ మొకటి కలదు. బలిపీఠము ముందు నిలిచినవానికి, తన సహోదరునికి తనవలన బాధ కలిగినదని జ్ఞాపకము వచ్చినచో, కానుకను అక్కడనే విడిచి, మొదట పోయి సమాధానపడవలెను. దీనిని మనలో అనేకులు తలక్రిందుగా జ్ఞాపకముంచుకొందురు. అక్కడి ప్రసక్తి నాకు వానిపై నున్న కోపము కాదు, వానికి నాపై నున్న కోపము. ఆ మాటలు విన్న గలిలయ వారికి బలిపీఠమనగా యెరూషలేము దేవాలయమే. అది కొన్ని దినముల కాలినడక. అంతదూరము వచ్చి, అర్పణ ముగియకుండ వెనుదిరుగుమనుట సామాన్యమైన మాట కాదు.

ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున, 1940 నవంబరు 14వ తేదీ రాత్రి, జర్మను విమానముల దాడిలో ప్రాచీనమైన కాథెడ్రల్ దగ్ధమైనది. ఆలయాధిపతి రిచర్డ్ హోవర్డ్ 1948లో ఆ శిథిలములందు, కాలిన దూలములతో కట్టిన సిలువ వెనుకనున్న గోడపై “తండ్రీ, క్షమించుము” అని చెక్కించెను. “వారిని” అను మాటను బుద్ధిపూర్వకముగ విడిచిపెట్టెను. 1958లో జోసెఫ్ పూల్ ఆ రెండు మాటలనే పల్లవిగ గొని ఒక ప్రార్థన కూర్చెను. శుక్రవారము మధ్యాహ్నము దానిని చదువువారు ద్వేషము, లోభము, అసూయ మొదలగువానిని పేరుపేరున చెప్పి మన్నింపు వేడుదురు. శత్రువు పేరు అందు లేదు.

వారు ప్రార్థించి ఊరకుండలేదు. 1945 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికను విమానములు డ్రెస్డెను నగరమును కాల్చినవి. 1965లో కోవెంట్రీ పక్షమున బ్రిటిషు యువజనులు అచ్చటికి పోయి, కూలిన క్రైస్తవ పరిచారికల ఆసుపత్రిని తిరిగి కట్టుటలో రాళ్లు మోసిరి.

ఇందొక అపాయము కలదు. భర్తచేత దెబ్బలు తిన్న స్త్రీతో, “ప్రార్థన చేసి, క్షమించి, కాపురమునకు పొమ్ము” అను పెద్దలు మన సంఘములందును, సమాజమునందును కొదువ లేదు. వారు ఆ అధ్యాయమును మరల చదువవలెను. లేచి వెళ్లుమన్న ఆజ్ఞ గాయము చేసినవానికి, గాయపడినవారికి కాదు. ఆమె ప్రార్థన గాయము మానుటకై మాత్రమే యైనను అది పూర్ణమైన ప్రార్థనయే. అది మానుటకు గడువు విధించు అధికార మెవరికిని లేదు.

మన ఉపాధ్యాయులకును ఈ తొందర కలదు. తగవుపడిన పిల్లలచేత చేతులు కలిపించి, వెంటనే పాఠము సాగింతుము. నేనును అట్లు చేసినవాడనే. ఒకడు రెండవవాని పలక పగులగొట్టెను; నా ఆజ్ఞపై కలిసిన చేతులు గంట కొట్టగనే విడిపోయినవి. మూడవనాడు పగులగొట్టినవాడు తన పలకను తెచ్చి, మాటాడక, రెండవవాని ప్రక్కన పెట్టెను. నేను నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచునే యుంటిని.