మందుల షాపులో సూది వేయించుకోవచ్చా?

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి, ఫ్లూ టీకా మందుల షాపులోనే వేయించుకున్నాం అంటే మన అమ్మలకు పెద్ద వింతగా అనిపించదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు షాపు వెనక బల్ల మీద కూర్చోబెట్టి సూది వేసేవాళ్ళ సంగతి మనకు కొత్తేం కాదు కదా!

కానీ ఆ రెండూ ఒకటి కాదు. అక్కడ టీకా వేసే ఫార్మసిస్టుకు ఆ పనిలో శిక్షణ ఉంటుంది, చట్టం అనుమతీ ఉంటుంది. మన దగ్గర ఫార్మసిస్టు పని డాక్టరు చీటీ చూసి మందివ్వడం, ఎలా వాడాలో చెప్పడం. జబ్బేమిటో తేల్చి సూది పొడవడం కాదు. చీటీ మీద మందిచ్చేది కూడా రిజిస్టరైన ఫార్మసిస్టే అయి ఉండాలని 1948 ఫార్మసీ చట్టం చెబుతోంది. మరి మన దగ్గర? చాలాచోట్ల సర్టిఫికెట్ గోడకు ఉంటుంది, మనిషి కనపడడు. గోలీలు ఇచ్చేది జీతానికి కుదిరిన పిల్లగాడు.

సూదిమందు పడకపోతే నిమిషాల్లో ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు ఆదుకునే మనిషి, మందు పక్కనే ఉండాలి. టీకాలైతే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు పోయి వచ్చే ఫ్రిజ్‌లో పెట్టిన టీకా పనిచేస్తుందో లేదో చూస్తే తెలియదు.

యాంటీబయాటిక్స్ సంగతీ అంతే. సెఫిక్సిమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. 2014 మార్చి నుంచి చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మనమేమో "బాబుకు జలుబు, ఏదైనా ఇవ్వన్నా" అని అడిగి తెచ్చుకుంటాం. ఇలా వాడితే రేపు నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు.

డాక్టరు ఫీజు, పరీక్షల ఖర్చు, పోయే కూలి లెక్కేసుకుంటే షాపే నయమనిపిస్తుంది. ఆ బాధ అబద్ధం కాదు. అందుకే నేను తప్పు పట్టేది ఆ తల్లిని కాదు. షాపులో ఫార్మసిస్టు ఉన్నాడో లేడో చూడాల్సిన అధికారులను, దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానలో డాక్టరు వేళకు ఉండేలా చూడని వ్యవస్థను. శిక్షణ ఇచ్చి, చట్టం మార్చి, ఫార్మసిస్టులతో టీకాలు వేయిస్తామంటే నాకేం అభ్యంతరం లేదు. ముందు ఆ ఫార్మసిస్టు షాపులో ఉండాలి.

ఇంట్లో మందులు తెచ్చేదీ వేసేదీ ఎక్కువగా మనమే. కాబట్టి మన వంతుగా కొన్ని చేద్దాం. పిల్లల టీకాలు ఏఎన్‌ఎం దగ్గర ఉచితంగా వేయిద్దాం. "ఫార్మసిస్టు ఎవరు?" అని అడుగుదాం. బిల్లు తీసుకుందాం. అట్ట మీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా కొనొద్దు. షాపులో సూది వేస్తామంటే "వద్దన్నా" అని లేచి వచ్చేద్దాం.