సెప్టెంబర్ 17: మన వాడ ముసలోళ్లను ఎవరడిగిండ్రు?

సెప్టెంబర్ వచ్చిందంటే పేర్ల కొట్లాట మొదలైతది. ఒకరు విమోచనమంటరు, ఇంకొకరు విలీనమంటరు, మరొకరు విద్రోహమంటరు. 2022లో కేంద్రం విమోచన దినమని జెండా ఎగరేస్తే, రాష్ట్ర సర్కారు అదే రోజును జాతీయ సమైక్యతా దినమన్నది. సర్కారు మారినంక 2024లో అది ప్రజాపాలన దినమైంది. అదే ఏడు మార్చిలో 'రజాకార్' సినిమా కూడా వచ్చింది. అది చూసిన పిల్లలు బడిలో మమ్మల్ని అడుగుతున్నరు: "మనోళ్లను సాయెబులు చంపిండ్రట గదా సార్?"

చంపింది నిజమే. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన ఘోరాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ 'మనోళ్లు' అన్న మాటలో మాల మాదిగలు ఎప్పుడు చేరిండ్రు? ఎవరు చేర్చుకున్నరు?

భాగ్యరెడ్డివర్మ ఏండ్ల తరబడి కొట్లాడితే 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు మనల్ని ఆది హిందువులని రాసుకున్నది. ఆ తర్వాతనే మన తలలకు గిరాకీ పెరిగింది. బహదూర్ యార్ జంగ్ మనుషులు పల్లెలకొచ్చి కలిమా చదివించిండ్రు. ఆర్యసమాజపోళ్లు వెనకనే వచ్చి హోమం పెట్టి శుద్ధి చేసిండ్రు. ఇద్దరికీ కావలసింది మన లెక్క. దొర గడిలో వెట్టి మాత్రం ఏ మతం తీసుకున్నా ఆగలేదు. కొందరు మతం మారింది వెట్టి తప్పుతదనే, భూమి దొరుకుతదనే ఆశతోని. వాళ్లను ఇయ్యాల తిట్టేటోళ్లు ఒక్కనాడన్న గడి ముందర చెప్పులు చేతబట్టుకొని నడిచిండ్రా?

మన నాయకులూ ఒక్క దిక్కు లేరు. బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రి అయిండు. శ్యాంసుందర్ నిజాం తరఫున ఐక్యరాజ్యసమితికి పోయిండు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1947 నవంబర్‌లో, నిజాం పక్షం, ఇత్తెహాద్ పక్షం చేరొద్దని, ప్రాణం కాపాడుకోవడానికి మతం మారొద్దని హెచ్చరించిండు. ఈ ముగ్గురి గురించి వాడల్లో తీరుబాటుగా చర్చ జరగాలె, తిట్లు కాదు.

ఇగ మా చిన్నప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు ముసలోళ్లు చెప్పినవి. అప్పటికి వాళ్లు పిల్లలు. రజాకార్లొస్తున్నరంటే జొన్నచేన్లల్ల దాచిండ్రట. ఏడిస్తే వినబడుతదని పిల్లల నోట్లో కొంగు కుక్కిండ్రట. మూటలు కట్టుకొని సరిహద్దు దాటినోళ్లున్నరు. ఆ సెప్టెంబర్‌లోనే, 13 నుంచి 17 దాకా మిలట్రీ వచ్చింది. వచ్చినంక మూటలు కట్టింది సాయెబులు. దూదేకులోడు, గాజులమ్మేటోడు, మనలెక్కనే రెక్కాడితే డొక్కాడేటోళ్లు.

సినిమా ఈ రెండో సగం చూపించదు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఆ ఏడాది చివర్లో ఊర్లు తిరిగింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయిండ్రని రాసింది. ఎక్కువ దెబ్బతిన్నవని చెప్పిన జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. అందులో బీదర్, నాందేడ్ మన పక్కనే ఉన్నయి. ఆ రిపోర్టు ఏండ్లకేండ్లు జనానికి దొరకలే, 2013లో గని బయటికి రాలేదు.

మన ముసలోళ్లు ఇంకోటి చెప్పేది. నిజాం ఆఖరు రోజుల్లో దొరికిన లావుణీ భూములు, గైరాన్ చెలకలు, మిలట్రీ వచ్చినంక చాలామంది చేతిలోంచి పోయినయి. గుంజుకున్నది రజాకారు కాదు, ఊరి పెద్దనే. నిన్నటిదాకా నిజాంకు సలాం కొట్టిన దేశ్‌ముఖ్ తెల్లారేసరికి గాంధీ టోపీ పెట్టుకున్నడు. ఏ పేరు పెట్టి జరిపినా ఆ దినం సభల్లో ఈ ముచ్చట రాదు.

1989లో ఊరూరా ఇటుకలు పూజచేసి అయోధ్యకు పంపుతుంటే మా తోటి వాడ పిల్లలు జెండాలు పట్టి ఉరికిండ్రు. ఊరేగింపులో హిందువులైన ఆ పిల్లలు గుడి మెట్ల కాడికి రాంగనే మాదిగోళ్లయిండ్రు. 1992 డిసెంబర్‌లో మసీదు కూలినంక మాతోని గోలీలాడిన సాయెబు పిల్లలు కొన్నాళ్లు బడికే రాలేదు. ఒక ఇల్లయితే మర్లి రాలేదు. ఎందుకు పోయిండ్రని మాకు ఎవరూ చెప్పలేదు.

ఊరు విడిచిపోవుడు పాత కథ కాదు. 1985లో కారంచేడు మాదిగలు చీరాలకు, 1991లో చుండూరు మాలలు తెనాలికి పోయింది మతం గొడవకు కాదు. మన నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతోని జరిమానాలు, సంఘ బహిష్కరణలు నడుస్తనే ఉన్నయి. కిరాణం ఇయ్యరు, ట్రాక్టర్ రాదు, కూలికి పిలువరు. ఆ కమిటీలో కూసున్నోడే శోభాయాత్రకు మన పిల్లల్ని 'మనోళ్లు' అని పిలుస్తడు. అన్నలారా, అక్కలారా, అట్రాసిటీ చట్టంలో, 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతోని, సంఘ బహిష్కరణ నేరమే. ఇల్లు, ఊరు విడిచిపోయేటట్టు చేసుడు కూడా నేరమే. ఠాణాలో ఈ మాట గట్టిగ అడగాలె.

1948లో ఏడెనిమిదేండ్లున్న పిల్లలు ఇప్పుడు ఎనభై అయిదు అటుఇటు. వాడకు ఒకరో ఇద్దరో మిగిలిండ్రు. వచ్చే సెప్టెంబర్ 17 లోపల వాళ్ల కాడ కూసోండ్రి. ఏ దిక్కు ఉరికిండ్రు, ఎవరు దాచిండ్రు, ఎవరు అన్నం పెట్టిండ్రు, మర్లొచ్చేసరికి చెలక ఎవరి పేర ఉన్నది, వాళ్ల మాటల్లోనే రాయుండ్రి. సాయెబుల ఇండ్లల్ల ముసలోళ్లను గూడ అడగుండ్రి. పేరొద్దంటే పేరు రాయకుండ్రి. నోటుబుక్కులు మేమిస్తం, వచ్చిన కాయితాలు వరుసగ అచ్చేస్తం.