పాటకు పీరియడేది?

2002ల కామారెడ్డిల ధూంధాం గజ్జె కట్టింది. ఆ తర్వాత పన్నెండేండ్లు తెలంగాణ పాట మీదనే నడిచింది. 2009 తర్వాత క్యాంపసులల్ల డప్పు చంకనేసుకొని తిరిగినోళ్లల్ల మేమూ ఉన్నం. 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. అందెశ్రీ రాసిన పాట రాష్ట్ర గీతం కావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది, సరే. మరి దాన్ని శ్రుతి తప్పకుండా పాడుడు నేర్పే సారు ఎన్ని సర్కారు బళ్లల్ల ఉన్నడు?

అత్తాపూర్‌నే చూడండి. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్లే ఇక్కడ అడ్రసులు. ఆషాఢంల బోనాలొస్తే గల్లీల ఐదో తరగతి పోరడు తీన్మార్‌కు అడుగు తప్పకుండ ఆడుతడు. దరువు మారితే కాలు మారుతది. ఎవరు నేర్పిండ్రు? గల్లీ నేర్పింది. తెల్లారి బడికి పోతే ఆ విద్యకు పేరు లేదు, మార్కు లేదు. ఫీజు బరువున్న బడైతే కీబోర్డు క్లాసన్న ఉంటది. సర్కారు బడిల ప్రార్థనతోనే సంగీతం ఖతం.

చట్టం లేదా అంటే ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీయండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులల్ల పిల్లలు వందకు మించితే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలె. 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి అన్నది. 2011 రాష్ట్ర పరిధి పత్రం 'కళలు - సాంస్కృతిక విద్య' అని ఒక గడి గీసింది, గ్రేడు వేయమన్నది. చెప్పని పాఠానికి గ్రేడు ఎట్ల పడుతదో ఉపాధ్యాయ మిత్రులకు మేం చెప్పాల్నా? వాళ్లనూ అనలేం. పదో తరగతి రిజల్టు అడిగే ఆఫీసరు పాట గురించి అడగడు. గురుకులాలకు 2023 నోటిఫికేషన్‌ల సంగీతం టీచర్ పోస్టులు పెట్టిండ్రు. గల్లీ బడి పిల్లలేం పాపం చేసిండ్రు?

ఇగ ఏం నేర్పాలె? సంగీతమంటే సరళీ వరుసలే అన్న పట్టు మన చదువుకున్నోళ్లల్ల ఇంక పోలేదు. రాంకోఠి త్యాగరాజ కళాశాల 1952 నుంచి ఆ విద్య చెప్తున్నది, గౌరవమే. కానీ బడి పని విద్వాంసులను తయారు చేసుడు కాదు. హంగేరీల కొడాయ్ అనే స్వరకర్త పల్లెపాటలు సేకరించి, వాటితోనే పిల్లలకు స్వరజ్ఞానం చెప్పాలన్నడు. 1950ల కెచ్‌కెమేట్ పట్నంల అట్లాంటి బడే తెరిచిండ్రు. మనకు బతుకమ్మ పాట లేదా? చప్పట్లల్ల తాళం, గుంపుల వంతపాట, తిరుగుతుంటే లయ. మూడో తరగతికి ఇంతకంటె ఏం కావాలె? ఐదుకొచ్చేసరికి ఒక పాట శ్రుతిల పాడాలె. ఎనిమిదికి డప్పు మీద నాలుగు దరువులు వేయాలె, ఒగ్గు డోలేదో జమిడికేదో కండ్లు మూసుకొని చెప్పాలె. స్వరాలు అటెన్క ఎక్కుతయ్.

కిన్నెర మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు, బడి పుస్తకంల ఎక్కిచ్చిండ్రు. పిల్లలు చదువుతున్నరు, కిన్నెర మోత వినకుండనే. సాంస్కృతిక సారథిల ఐదు వందలకు పైగ కళాకారులకు కొలువులిచ్చిండ్రు, పథకాల పాటలు పాడిచ్చిండ్రు. వారానికి రెండు దినాలు వాళ్లను బళ్లకు పంపనీకి కొత్త చట్టం అక్కెర లేదు, ఒక్క జీవో చాలు. జూన్‌ల బళ్లు తెరిచేలోపు అది రావాలె. డప్పులు కొననీకి పైసల్లేవంటే చెప్పండి, చందా వసూలు చేసుడు మాకు కొత్త కాదు.