విత్తనానికున్న పరీక్ష పట్టాకు లేదా?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో పత్తి విత్తనం ఎలా పండుతుందో చూసినవారికి నా కోపం సులువుగా అర్థమవుతుంది. సాయంత్రం పువ్వులోని కేసరాలు తీసివేస్తారు, మరునాటి ఉదయం చేత్తో పుప్పొడి అద్దుతారు. ఇంత చాకిరీ చేసి పండించినా ఆ విత్తనం నేరుగా సంచికెక్కదు. నమూనా తీసి వేరొకచోట మొలిపించి, మొక్క ఎదిగాక జాతిశుద్ధి చూస్తారు. గద్వాలలో ఏ రైతునడిగినా జీఓటీ అంటే ఏమిటో చెబుతాడు. అందులో తప్పితే అతనికి డబ్బు రాదు. (కొనేవారే పరీక్షించేవారు కావడం మీద రైతులకున్న ఆక్రోశం న్యాయమైనదే. అది మరో టపా.)

సాఫ్టువేరును వాడుకరుల వద్దకు చేర్చడం నా వృత్తి. కొత్త రూపాన్ని అందరికీ ఒకేసారి ఇవ్వవచ్చు. పాతదీ కొత్తదీ పక్కపక్కనే నిలిపి, రాకపోకలను ఒక్క మీటతో ఇటునుంచి అటు మళ్ళించవచ్చు. లేదా మొదట కొద్దిమందికే ఇచ్చి, వారికి కీడు జరగలేదని తేలాక తక్కినవారికి ఇవ్వవచ్చు. ఈ చివరిదాన్ని కెనరీ పద్ధతి అంటారు. బొగ్గుగనుల్లో విషవాయువును పసిగట్టడానికి తీసుకుపోయిన పంజరపు పిట్ట పేరది. ఇన్ని దారులుండగా, కోట్లమంది బతుకు ముడిపడిన భూమి లెక్కలకు మొదటి దారి ఎంచుకోవడం నాకు మింగుడుపడదు.

2020 సెప్టెంబరులో రిజిస్ట్రేషన్లు ఆపి, అక్టోబరు 29న ధరణిని ప్రారంభించారు. కొద్ది రోజుల్లోనే రాష్ట్రంలోని తహసీల్దారు కార్యాలయాలన్నిటా అదే నడిచింది. 2018లోనే కొన్ని మండలాల్లో ప్రయోగం జరిగింది కదా అని ఒక మిత్రుడు వాదించాడు. జరిగింది, కాదనను. అయితే 2020లో చట్టమే మారింది, అధికారాలు మారాయి. ఒక విత్తనానికి పరీక్ష చేసి మరొక విత్తనం సంచిలో పోస్తే ఆ పరీక్ష దేనికి?

ఇక వెనక్కు మళ్ళే దారి సంగతి. నేను పనిచేసిన ఒక సంస్థలో ఒక శుక్రవారం రాత్రి విడుదల చేసిన మార్పు తెల్లవారేసరికి చెడింది. పాత ప్రోగ్రాము పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఆ రాత్రి తప్పుగా రాయబడిన వివరాలు మాత్రం తిరిగి రాలేదు. వాటిని ఒక్కొక్కటిగా చేత్తో దిద్దడానికి మాకు మూడు వారాలు పట్టింది. అవి వట్టి ఆర్డర్లు. భూమి అలా కాదు. తప్పు పేరు మీదకెక్కిన సర్వే నంబరు అమ్ముడుపోయి, కొన్నవాడు బ్యాంకులో కుదువబెట్టాక ఏ మీట నొక్కితే వెనక్కు వస్తుంది? పైగా 2020 చట్టం కింద తహసీల్దారుకు తప్పు దిద్దే అధికారమే లేకపోయింది. తర్వాత సవరణల కోసం టీఎం-33 వంటి మాడ్యూళ్ళు చేర్చవలసి వచ్చింది. ఇల్లు కట్టి, కాపురం పెట్టి, అప్పుడు తలుపు కోసం గోడ కొట్టినట్టుంది.

"రెండు విధానాలు ఒకేసారి నడిస్తే ఒకే భూమి రెండుచోట్ల రిజిస్టరవుతుంది" అన్నది ఎదుటివారి బలమైన వాదన. దీన్ని తేలికగా తీసిపారేయను. బ్యాంకు ఖాతా విషయంలో అది నిజం కూడా, డబ్బుకు కాళ్ళుంటాయి. భూమికి లేవు. గోపాలపేట సర్వే నంబరు ఇటిక్యాలకు నడిచిపోదు. మండలానికి ఒక గీత గీసి, ఇటు పాతది, అటు కొత్తది అంటే రెండూ ఎక్కడా ఒకదాన్నొకటి తాకవు. మా వృత్తిలో ఎంతో శ్రమపడి సాధించే విభజనను ఇక్కడ రెవెన్యూ పటమే ఉచితంగా ఇస్తోంది.

2025లో ఈ దారి తొక్కారు, సంతోషం. ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. మొదట నాలుగు మండలాల్లో రెవెన్యూ సదస్సులు పెట్టారు. వాటిలో నారాయణపేట జిల్లా మద్దూరు మనకు పొరుగే. మే 5 నుంచి మరో 28 మండలాలు చేర్చారు. గద్వాల జిల్లాలో ఇటిక్యాల, వనపర్తిలో గోపాలపేట, నాగర్‌కర్నూలులో పెంట్లవెల్లి ఆ పట్టికలోవే. జూన్ 3 నుంచి రాష్ట్రమంతా.

మెట్లు బాగున్నాయి, కానీ మెట్టుకూ మెట్టుకూ నడుమ ఎంత ఆగారు? ఏప్రిల్ 17న సదస్సులు మొదలైతే మే 5కు పద్దెనిమిది రోజులు. తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓకు అప్పీలు చేసుకోవడానికి అదే చట్టం 60 రోజులిచ్చింది. మొదటి ఉత్తర్వు తప్పో ఒప్పో తేలకముందే రెండో మెట్టెక్కితే మనం కొలిచింది వచ్చిన అర్జీల సంఖ్యనే, జరిగిన న్యాయాన్ని కాదు. పిట్టను గనిలోకి దించి, అది ఊపిరి తీస్తోందో లేదో చూడకుండానే వెనకాలే అందరూ దిగినట్టు.

ఎంపిక మీదా నాకు పేచీ ఉంది. జిల్లాకొక మండలం పంపకానికి బాగుంటుంది, పరీక్షకు చాలదు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం మూడూ సంస్థానాలు. ఇనాం చిక్కులు ఎన్ని తరాలుగా వస్తున్నాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కొల్లాపురం వైపు శ్రీశైలం ముంపు. నల్లమలకు పోతే అటవీ, రెవెన్యూ హద్దుల తగాదా, చెంచుల పెంటలు. పెంట్లవెల్లిలో అంతా సవ్యంగా సాగినా, అమ్రాబాదులో ఏమవుతుందో అది చెప్పదు. చిక్కు ఎక్కువున్న మండలాన్నే ముందు పట్టాలి. ఎన్ని తప్పులు దొరికితే ఆగాలో, ఆపే అధికారం ఎవరిదో మొదటి రోజునే కాగితం మీద రాయాలి. ఆ కాగితాన్ని తహసీల్దారు కార్యాలయం గోడకు అతికించాలి, రైతు చదువుకునేలా, తెలుగులో.