మోతాదుకు రక్తమే సాక్షి

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయ రోగులకు ఒకప్పుడు దొరికింది గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి. మిషనరీ సంఘాలు కలిసి 1912లో మదనపల్లెలో మొదలుపెట్టి, 1915లో ఆరోగ్యవరానికి తరలించిన ఆ శానిటోరియం దక్షిణాది క్షయ రోగులకు పెద్ద దిక్కు. అయితే డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపిన రోజుల్లో క్షయ క్రిమిని చంపే మందు వైద్యుల చేతిలో లేదు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. చవకైన ఆ మాత్రతో క్షయ వైద్యం తీరే మారిపోయింది. దాంతోపాటే కొత్త ప్రశ్న పుట్టింది: ఒకే మాత్రను ఇద్దరికి ఇస్తే ఇద్దరికీ ఒకేలా అందుతుందా? ఈ ప్రశ్నకు మద్రాసు శాస్త్రవేత్తలు ఆరు దశాబ్దాల కిందటే రక్తాన్ని కొలిచి జవాబు చెప్పారు. ఆ జవాబు మన ప్రభుత్వాసుపత్రుల నిత్య వైద్యంలోకి ఇంకా పూర్తిగా రాలేదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో దానికి కావలసిన వనరులన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి కనుక ఆ పని ఇక్కడి నుంచే మొదలు కావాలి.

మింగిన మాత్ర నేరుగా జబ్బు దగ్గరికి వెళ్లదు. ముందు కడుపులో కరగాలి, పేగు గోడ దాటి రక్తంలో కలవాలి. రక్తం దాన్ని ఊపిరితిత్తికో మెదడుకో మోసుకెళ్లాలి. ఈలోగా కాలేయం దాన్ని విరగ్గొడుతుంటుంది, మూత్రపిండాలు బయటికి పంపేస్తుంటాయి. శోషణ, వితరణ, జీవక్రియ, విసర్జన అనే ఈ నాలుగు దశలనూ కొలిచే శాస్త్రమే ఫార్మకోకైనెటిక్స్. క్షయ రోగులందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకున్న కొద్ది గంటల్లోనే మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. మందు ఒంట్లోకి వెళ్లిందని ఆ రంగు చెబుతుంది. ఊపిరితిత్తిలోని క్రిమిని చంపేటంత వెళ్లిందా లేదా అన్నది మాత్రం చెప్పలేదు. అది తెలియాలంటే మాత్ర మింగిన రెండు గంటలకు రక్తం తీసి చూడాలి. మిల్లీలీటరుకు 8 నుంచి 24 మైక్రోగ్రాముల మందు ఉంటే బాగా అందినట్టు లెక్క. ఆరు గంటలకు రెండోసారి తీస్తే మరో సంగతి తేలుతుంది: మందు ఆలస్యంగా ఎక్కుతోందా, అసలే ఎక్కడం లేదా అన్నది.

1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని స్థాపించాయి. శానిటోరియంలో మంచం పట్టి ఉండనక్కర లేదు, ఇంటి దగ్గరే మందులు వాడినా క్షయ అంతే బాగా నయమవుతుందని 1959లో లోకానికి చాటింది ఈ కేంద్రమే. అంత ప్రచారానికి నోచుకోని పని ఇంకొకటి అక్కడ జరిగింది. పి.ఆర్.జె. గంగాధరం, ఆయన సహచరులు రోగులకు ఐసోనియాజిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, కొన్ని గంటల తర్వాత రక్తం తీసి, అందులో మందు ఎంత మిగిలిందో చూశారు. ఖరీదైన యంత్రాలు లేని ఆ రోజుల్లో క్షయ క్రిమినే వాళ్లు త్రాసుగా వాడుకున్నారు. రోగి రక్తద్రవం క్రిమి పెరుగుదలను ఎంతవరకు ఆపగలిగితే అందులో అంత మందు ఉన్నట్టు. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయిన ఈ ఫలితాల ప్రకారం దక్షిణ భారత రోగుల్లో పదిమందికి దాదాపు ఆరుగురి కాలేయం ఐసోనియాజిడ్‌ను నిదానంగా విరగ్గొడుతుంది, మిగతావారిలో అది చకచకా ఖర్చైపోతుంది. ఇది పుట్టుకతో వచ్చే తేడా. నిదానంగా ఖర్చయ్యే వారిలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది, క్రిమి మీద గట్టిగా పనిచేస్తుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు వచ్చే ప్రమాదమూ వారికే ఎక్కువ. ఐసోనియాజిడ్‌కు తోడుగా బి6 విటమిన్ మాత్ర ఇవ్వడం ఆ నరాల బాధను ఆపడానికే.

ఇప్పుడు మన ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాత్రను దగ్గరగా చూద్దాం. 2017 నుంచి దేశమంతటా రోజూ వేసుకునే విధానం వచ్చింది. పెద్దలకు మొదటి రెండు నెలలు ఇచ్చే ఒక్కో మాత్రలో 75 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్, 150 రిఫాంపిసిన్, 400 పైరాజినమైడ్, 275 ఇథాంబుటాల్ కలిసి ఉంటాయి. బరువు 35 నుంచి 49 కిలోల మధ్య ఉంటే రోజుకు మూడు, 50 నుంచి 64 మధ్య ఉంటే నాలుగు. అంటే 35 కిలోల మనిషికీ 49 కిలోల మనిషికీ అందే రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములే. కిలో బరువుకు లెక్కగడితే మొదటి వ్యక్తికి దాదాపు 13, రెండో వ్యక్తికి 9 పైచిలుకు. లక్షల మందికి ఒకే పద్ధతిలో మందులు చేర్చాలంటే ఇలాంటి సులువైన పట్టిక తప్పదు, అందులో తప్పు పట్టవలసింది లేదు. కానీ పట్టిక చూసేది బరువు ఒక్కటే. మందు అన్నం తిన్నాక వేసుకున్నారా, పేగులకు వేరే జబ్బు ఉందా, కాలేయం వేగమెంత అన్నవి దానికి తెలియవు. చెన్నైలోని ఆ పరిశోధన కేంద్రమే నేడు జాతీయ క్షయ పరిశోధనా సంస్థ. దాని ఇటీవలి అధ్యయనాల్లోనూ చాలామంది రోగుల రక్తంలో రిఫాంపిసిన్ ఉండవలసిన స్థాయికి దిగువనే కనిపించింది.

క్షయతోనే ఈ కథ ముగియదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ సంగతి ఇంకా సున్నితం. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సు ఎరిగిన వారికి ఇది తేలిగ్గా బోధపడుతుంది. గంటకు ఇంతమందికి దర్శనం అన్న హద్దు లోపల భక్తులు వస్తున్నంతసేపు వరుస సాఫీగా కదులుతుంది. ఆ హద్దు దాటాక వచ్చింది కొద్దిమందే అయినా కంపార్ట్‌మెంట్లు నిండిపోతాయి, వరుస వెలుపలికి పాకుతుంది. ఫెనిటాయిన్‌ను విరగ్గొట్టే ఎంజైముకూ అలాంటి హద్దే ఉంది. రోజుకు 300 మిల్లీగ్రాములతో ఫిట్స్ ఆగని రోగికి 400 చేస్తే మందు పెరిగింది మూడోవంతే, రక్తంలో దాని స్థాయి మాత్రం రెండింతలు దాటవచ్చు. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండవలసింది 20 దాటితే రోగి తూలుతాడు, కళ్లు నిలకడ తప్పుతాయి. ఇంటివాళ్లు దాన్ని జబ్బు ముదిరిందని అనుకోవచ్చు. ఒక్క రక్తపరీక్ష ఆ పొరపాటును ఆపుతుంది.

కొలవకుండా అడుగు వేయని వైద్యమూ మన మధ్యే ఉంది. 1993లో తిరుమల తిరుపతి దేవస్థానాల అండతో తిరుపతిలో ప్రారంభమైన స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో మూత్రపిండ మార్పిడి జరుగుతుంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా కాపాడే టాక్రోలిమస్ మందును నానోగ్రాముల్లో, అంటే గ్రాములో వందకోట్లో వంతు లెక్కన కొలుస్తారు. పొద్దుటి మాత్ర వేయకముందే రక్తం తీయాలి. తగ్గితే కిడ్నీ పోతుంది, పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. మార్పిడి జరిగిన రోగికి క్షయ సోకిందనుకోండి. క్షయను తగ్గించే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి టాక్రోలిమస్‌ను వేగంగా ఖర్చు చేయిస్తుంది. అలాంటప్పుడు కొలత లేకుండా మోతాదు నిర్ణయించడం చీకట్లో బాణం వేయడమే. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన మెథోట్రెక్సేట్‌ను ఎముక క్యాన్సర్‌కు భారీ మోతాదులో ఇచ్చేటప్పుడూ ఇంతే. 24, 48, 72 గంటలకు రక్తంలో మందు ఎంత మిగిలిందో చూసి, దాని విషాన్ని విరిచే ల్యూకోవొరిన్‌ను ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలో తేలుస్తారు.

రక్తంలో మందును కొలవాలన్న మాటకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ప్రామాణిక మోతాదులతోనే కోట్లమంది బాగుపడ్డారు కదా, ఈ కొలతలెందుకు? పైగా మద్రాసు అధ్యయనమే చెప్పింది: ఐసోనియాజిడ్‌ను ఒంటరిగా కాక పాస్ అనే మరో మందుతో కలిపి రోజూ ఇచ్చినప్పుడు నిదానం, వేగం అన్న తేడా ఫలితంలో కనబడలేదు. ఇది నిజం, ఒప్పుకోవలసిందే. అయితే అదే సంస్థ తర్వాత వారానికి ఒక్కసారి మందులిచ్చే పద్ధతిని పరీక్షించినప్పుడు, ఐసోనియాజిడ్ త్వరగా ఖర్చయ్యే రోగుల్లో ఫలితాలు పడిపోయాయి. చికిత్సలో వెసులుబాటు ఉన్నంతవరకు శరీరాల మధ్య తేడా దాగి ఉంటుంది, ఆ వెసులుబాటు తగ్గగానే బయటపడుతుంది. కాబట్టి అందరినీ కొలవమని ఎవరూ అడగడం లేదు. రెండు నెలలు మందు సరిగ్గా వాడినా కఫంలో క్రిమి పోనివారు, మధుమేహమో హెచ్‌ఐవీయో ఉన్నవారు, మందు పెంచినా ఫిట్స్ ఆగనివారు, ప్రమాదకరమైన మందుల జోడీ మీద ఉన్నవారు — వీరిని కొలిస్తే చాలు.

జన్యు పరీక్ష ఒకసారి చేస్తే సరిపోదా అన్నది రెండో మాట. పుదుచ్చేరి జిప్మర్ పరిశోధకులు ఆంధ్రులతో సహా దక్షిణాది ప్రజల్లో మందులను విరగ్గొట్టే ఎంజైముల జన్యువులను పరిశీలించి విలువైన పని చేశారు. కానీ జన్యువు పుట్టుకను చెబుతుంది, రక్తం ఈ పూట స్థితిని చెబుతుంది. కామెర్లు, కిడ్నీ నీరసించడం, పోషకాహార లోపం, కొత్తగా చేరిన ఇంకో మాత్ర — ఇవేవీ జన్యువులో రాసి ఉండవు. మూడో అభ్యంతరం అంకెలే దారి తప్పిస్తాయన్నది. రక్తంలో ఆల్బుమిన్ తగ్గిన రోగిలో మొత్తం ఫెనిటాయిన్ తక్కువగా కనబడుతుంది, పనిచేసే స్వేచ్ఛా భాగం సరిపడా ఉండవచ్చు. అంకెను చూసి మోతాదు పెంచితే ముప్పే. అందుకే నివేదికతోపాటు దాన్ని విడమరిచి చెప్పే క్లినికల్ ఫార్మకాలజిస్టు కూడా ఉండాలి.

ఇక డబ్బు. మందులను నానోగ్రాముల్లో పట్టే యంత్రాలు ఖరీదైనవే. ప్రతి ఊళ్లో పెట్టనక్కర లేదు, రక్తాన్ని పంపితే చాలు. కఫం నమూనాలు ఊళ్ల నుంచి ప్రయోగశాలలకు చేరుతున్న దారినే ఇవీ చేరగలవు. రిఫాంపిసిన్ వేడికీ వెలుతురుకూ చెడిపోతుంది కనుక రక్తద్రవాన్ని వెంటనే వేరుచేసి, చల్లగా, చీకట్లో పంపాలి. అది నేర్పితే వచ్చే పని. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న రాయవేలూరు సీఎంసీలో క్లినికల్ ఫార్మకాలజీ విభాగం మందుల స్థాయిలను కొలిచే పనిలో ఏళ్లుగా ఉంది. తిరుపతిలో వైద్య కళాశాలలున్నాయి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు ఉంది, ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఈ చేతులన్నీ ఒక కేంద్రం దగ్గర కలిస్తే ఉమ్మడి చిత్తూరు ప్రాంతానికంతటికీ సరిపోయే కొలతశాల సాధ్యమే. నయం కాని క్షయ మొండి క్షయగా మారితే ఒక్కో రోగికి అయ్యే ఖర్చు, ఆ ఇంట్లో మిగతావారికి అంటుకునే ముప్పు, వీటితో పోల్చి చూస్తే ఈ ఖర్చు పెద్దదేమీ అనిపించదు.

యంత్రం వచ్చేదాకా ఆగకుండా ఈ రోజే మొదలుపెట్టగల పని ఒకటుంది. రక్తం పంపే చీటీ మీద రెండు సమయాలు రాయాలి: ఆఖరి మాత్ర ఎన్ని గంటలకు మింగారు, రక్తం ఎన్ని గంటలకు తీశారు. ఆ రెండూ లేకపోతే ఎంత గొప్ప ప్రయోగశాల ఇచ్చిన అంకెకైనా అర్థం ఉండదు. అవి రాయడం అలవాటైన వార్డులో రోగికి మందు ఇచ్చి వదిలేయరు, అది అందిందో లేదో కనుక్కుంటారు.