చిన్న కార్ల స్ప్రింగులు: మరమ్మతు వేరు, మార్పు వేరు



మా బరంపురములో ఈ మధ్య ఒక వాడుక బాగా ప్రబలినది. చిన్న కారు కొన్నవారు, కొన్న ఏడాదికో రెండేండ్లకో, దాని వెనుక స్ప్రింగుల చుట్ల నడుమ రబ్బరు బఫర్లు దూర్పించుటయో, స్ప్రింగుల క్రింద దిమ్మలు పెట్టించి బండిని ఎత్తు చేయించుటయో, కంపెనీవారు వేసిన షాక్ అబ్జార్బర్లను తీయించి బజారులో దొరకిన గట్టివాటిని బిగించుకొనుటయో చేయుచున్నారు. ఇందువలన మేలెంత, కీడెంత అని విచారించువారు తక్కువ. దీనిని స్వయముగా అనుభవించినవాడను గనుక నాలుగు మాటలు తమ పత్రిక ద్వారా మనవి చేసికొనుచున్నాను. మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి రోగులను తీసికొని, పట్టుబట్టల కొనుగోలుకై, బండి పనులకై ఇచ్ఛాపురము, సోంపేట వైపు తెలుగువారు కూడ మా ఊరు వచ్చుచుందురు. కావున ఇది గంజాం జిల్లావారికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

నేను మెకానిక్కును కాను. మెట్రిక్యులేషన్ చదివి, ప్రభుత్వ కచేరీలో ముప్పదియైదేండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. బిల్లులు, వోచర్లు సరిచూచి పైకి పంపుట నా ఉద్యోగము. ఆ అలవాటు నా ఇంటి బండి విషయమున నాకు పనికిరాకపోయినదే అన్న విచారమే ఈ ఉత్తరమునకు కారణము.

మా అబ్బాయికి ఒక చిన్న కారు కలదు. వెనుక సీటులో ముగ్గురు కూర్చున్నచో వీధిలోని స్పీడు బ్రేకరుకు దాని అడుగు గీచుకొనెడిది. స్నేహితులెవరో చెప్పగా, ఊరిలోని ఒక షెడ్డునకు తీసికొనిపోయి వెనుక స్ప్రింగులకు బఫర్లు పెట్టించెను. ముందు షాక్ అబ్జార్బర్లు నూనె కారుచున్నవని అక్కడివారు చెప్పగా వాటిని కూడ మార్పించెను. "బాబూ, ఇంక అయిదుగురెక్కినా అడుగంటదు, మీరు నిశ్చింతగా తిరగండి" అని షెడ్డువాడు నాతో చెప్పినాడు. చేతికి ఇచ్చిన చీటీలో "సామాను, పని" అని రెండే మాటలు, క్రింద మొత్తము. కచేరీలో అటువంటి చీటీ నా బల్లమీదికి వచ్చియుండినచో ఎర్ర సిరాతో అభ్యంతరము వ్రాసి త్రిప్పి పంపియుందును. ఇంటిపని గదా అని మడిచి జేబులో పెట్టుకొంటిని.

రెండు నెలలు గడచినవి. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. తప్తపాణి వేడినీటి బుగ్గలో స్నానము చేసిన కొంత ఉపశమనముండునని, ఒక ఆదివారమునాడు దిగపహండి మీదుగా బయలుదేరితిమి. మా ఊరికి సుమారు ఏబది కిలోమీటర్లు. త్రోవపొడుగున చిన్న గతుకు వచ్చినను వెనుక చక్రములు బంతివలె ఎగురుచుండెను. ఘాటీ ఎక్కుచుండగా సన్నని జల్లు పడినది. ఒక మలుపున రోడ్డు కొంచెము చెదిరియున్నది. అక్కడ బండి తోక ప్రక్కకు జారి, లోయవైపునున్న మట్టి అంచువరకు పోయి ఆగినది. ఎదుట ఏ బస్సును రాలేదు. భగవంతుని దయవలన ఎవరికిని గాయములు కాలేదు. నా భార్య ఒడిలో మనుమరాలు నిద్రపోవుచున్నది. ఆ పిల్ల కండ్లు తెరచి "వచ్చేశామా తాతయ్యా?" అని అడిగినది. ఎవరమును జవాబు చెప్పలేకపోతిమి.

అక్కడనుండి మెల్లగా వెనుకకు వచ్చి, మరునాడు వేరొక వృద్ధ మేస్త్రీకి బండిని చూపించితిమి. ఆయన చక్రములు విప్పి నన్ను దగ్గరకు పిలిచి మూడు సంగతులు చూపెను. మొదటిది: ముందు షాక్ అబ్జార్బర్లలో ఒక్కటే క్రొత్తది, రెండవది నూనె కారుచున్న పాతదే. మేము రెండింటికిని సొమ్ము చెల్లించియుంటిమి. రెండవది: షాక్ అబ్జార్బరు క్రింది కొసను చక్రపు దిమ్మకు పట్టియుంచు బోల్టులు రెండింటిలో ఒకదాని నట్టు చేతి వ్రేళ్లతోనే తిరుగుచుండెను. మూడవది: విప్పి బిగించిన పిమ్మట చక్రముల అలైన్‌మెంటు చూడకపోవుటచే టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయియుండెను. "బాబుగారూ, మీ పుణ్యం బాగుండి ఇంటికొచ్చారు. ఈ నట్టు ఇంకో రెండు చుట్లు తిరిగుంటే..." అని ఆయన మాట పూర్తిచేయలేదు.

ఆయన చెప్పగా నాకు బోధపడినది ఇది. బండి బరువును మోయునది స్ప్రింగు. షాక్ అబ్జార్బరు బరువును మోయదు. గతుకునకు అణగిన స్ప్రింగు తిరిగి ఎగిరిపడకుండ పట్టి నిలుపుటయే దాని పని. ఆ రెండింటిని ఒకదానికొకటి తగునట్లు లెక్కవేసి కంపెనీవారు అమర్తురు. స్ప్రింగు చుట్ల నడుమ బఫరు దూర్చినప్పుడు ఆ చుట్లు పనిచేయుట మానును. మిగిలిన చుట్లమీదనే భారమంతయు పడును. స్ప్రింగు గట్టిపడును గాని దాని ఎగురును పట్టవలసిన షాక్ అబ్జార్బరు మాత్రము పాత స్ప్రింగునకు తగినదే. అందుచే చక్రము నేలను విడిచి గెంతును. నేలను విడిచిన చక్రమునకు బ్రేకు లేదు, మలుపున పట్టు లేదు. పొడి రోడ్డుమీద ఈ లోపము నడుమునొప్పిగా తెలియును, తడి రోడ్డుమీద ప్రమాదముగా తెలియును.

ఈ తప్పుడు నమ్మకమునకు మూలము మన పాత అనుభవమేనని నాకు తోచుచున్నది. మా కచేరీలో అంబాసిడరు కారుండెడిది. దాని వెనుక ఇరుసునకు ఎడ్లబగ్గీ నాటి పద్ధతిని కమాను కట్టలే. కట్ట క్రుంగినప్పుడు మేస్త్రీ ఒక పట్టీ ఎక్కువ వేసెడివాడు. బండి ఎత్తయ్యెడిది, అందరు సంతోషించెడివారు. ఆ కారు బరువు వేరు, ఆ కాలపు వేగము వేరు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిమ్మట చిన్న కారు సామాన్యుని ఇంటికి చేరినది. ఇటువంటి తేలిక కార్లలో ముందు వైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే స్తంభముగా కూర్చబడి, ఆ స్తంభమే చక్రపు నిలకడను కూడ నిర్ణయించుచున్నది. అందొక అంగుళము తేడా చేసినను చక్రపు వాలు మారును, స్టీరింగు మారును. అంబాసిడరు వైద్యము దీనికి చెల్లదు.

ఇట్లనుటచే బజారు సామానులన్నియు చెడ్డవని నా అభిప్రాయము కాదు. 1961లో ఆరంభమైన గాబ్రియల్ ఇండియా వంటి సంస్థలు కార్ల కంపెనీలకును, విడిగా బజారునకును షాక్ అబ్జార్బర్లు తయారుచేయుచున్నవి. షోరూములో ధర భరింపలేని పింఛనుదారు అదే కొలత, అదే రకము వస్తువును బజారులో కొనుట తప్పుకాదు. అది మరమ్మతు. అరిగినదాని స్థానమున అటువంటిదే వేయుట మరమ్మతు, కంపెనీ లెక్కకు భిన్నమైనది వేయుట మార్పు. ఈ రెండింటికిని గల తేడాను షెడ్డువాడు చెప్పడు, మనమును అడుగము.

చట్టము కూడ ఈ తేడాను గుర్తించినది. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యములో ఇదే సంగతిని గట్టిగా చెప్పినది. అదే సంవత్సరము చేసిన సవరణ ప్రకారము, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలలవరకు ఖైదుగాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. శిక్ష యజమానికని గమనింపవలెను. ప్రమాదము జరిగినచో భీమా కంపెనీ తొలుత అడుగునది ఈ మార్పులను గూర్చియే. అప్పుడు "సామాను, పని" అని వ్రాసిన చీటీ మనలను కాపాడజాలదు.

కావున తోటి వాహనదారులకు నా మనవి. షాక్ అబ్జార్బరు చెడినదా అని తెలిసికొనుటకు బండి మూలను బలముగా అణచి విడువుడు. ఒకసారి లేచి నిలకడగా ఆగినచో సరియే, ఊయలవలె ఊగుచున్నచో మార్చవలసినదే. మార్చునప్పుడు ఒక ఇరుసునకు రెండింటిని జతగానే మార్పింపుడు. అణచిన స్ప్రింగు తుపాకి గుండువంటిది. దానిని తగిన పనిముట్టుతో గాక త్రాళ్లతోను, తీగలతోను కట్టి విప్పు షెడ్డున మీ బండిని వదలకుడు, అక్కడ పనిచేయు కుర్రవాని చేతులును, కండ్లును కూడ ముఖ్యమే. ఒకసారి విప్పిన లాకు నట్లను తిరిగి వాడనీయక క్రొత్తవి వేయింపుడు. రబ్బరు బుష్షులు గల బోల్టులను బండి జాకీమీద వ్రేలాడుచుండగా కాక, చక్రములు నేలనానిన పిమ్మటనే కడపటి బిగింపు బిగించవలెనట. లేనిచో రబ్బరు మెలితిరిగి త్వరలో చినుగును. ఆ పిమ్మట అలైన్‌మెంటు చూపించి ఆ కాగితము తీసికొనుడు. అన్నింటికంటె ముఖ్యముగా, విప్పిన పాత సామానును అడిగి ఇంటికి తెచ్చుకొనుడు. పాతవి రెండు చేతికి వచ్చినగాని క్రొత్తవి రెండు పడినవని నమ్మరాదు.

అధికారులకు రెండు మనవులు. స్ప్రింగుల విషయమున ఏది మరమ్మతు, ఏది మార్పు అన్నది ఒక్క పుటలో ఒడియాలోను, తెలుగులోను అచ్చువేయించి, ప్రతి షెడ్డులోను గోడకు కనబడునట్లు తగిలింపజేయవలెను. బిల్లులో వస్తువు పేరు, తయారీదారు, నంబరు, సంఖ్య విడివిడిగా వ్రాయవలెనని నియమింపవలెను. ఊరిలోని ప్రభుత్వ ఐ.టి.ఐ. వారు షెడ్లలో పనిచేయు కుర్రవాండ్రకు సెలవు దినములలో కొద్దిపాటి శిక్షణ ఇప్పించినచో మరియు మేలు. వారిలో అనేకులు చేతిపని తెలిసినవారే, కారణము చెప్పినవారు లేక ఇట్లు చేయుచున్నారు.

రెండవది మూలమునకు సంబంధించినది. జనులు వినోదమునకై బండ్లను ఎత్తు చేయించుటలేదు. వీధులలో ఎవరికి తోచినట్లు వారు ఇటుకలతోను, సిమెంటుతోను కట్టిన గుట్టలే ఇందుకు కారణము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 1988లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము స్పీడు బ్రేకరు ఎత్తు పది సెంటీమీటర్లు, దాని అడ్డుకొలత 3.7 మీటర్లు. అంతటి వాలుగలదానిని ఏ చిన్న కారైనను అడుగు తగులకుండ దాటగలదు. ఎత్తు ఎక్కువై అడ్డుకొలత జానెడే ఉన్నచో కారే కాదు, ఆసుపత్రికి పోవు గర్భిణి కూర్చున్న ఆటోరిక్షా కూడ దెబ్బతినును. రోడ్డును సరిచేయుట మాని ప్రతివాడును తన బండిని చెడగొట్టుకొనుట ఎట్టి న్యాయము?

ఆ వృద్ధ మేస్త్రీ బఫర్లను తీసివేసి, కంపెనీ కొలతగల షాక్ అబ్జార్బర్లను జతగా వేసి, పాతవాటిని గోనెసంచిలో కట్టి నా చేతికిచ్చెను. అడుగకయే వస్తువుల నంబర్లతో బిల్లు వ్రాసి యిచ్చెను. మా కారు మరల పూర్వపు ఎత్తునకు దిగినది. వెనుక సీటు నిండినప్పుడు మా అబ్బాయి స్పీడు బ్రేకరు ముందు బండిని దాదాపు ఆపి, ఏటవాలుగా దాటించుచున్నాడు. ఒకవేళ అడుగు గీచుకొన్నను ఆ శబ్దము నన్నిప్పుడు బాధింపదు. ఆ గోనెసంచి మాత్రము వీధి అరుగుమీదనే యుంచితిని. కారు ఎత్తు చేయించెదమని ఎవరైన వచ్చి చెప్పినచో, అందులోని నట్టును వారి అరచేతిలో పెట్టి ఆ ఘాటీ మలుపు కథ చెప్పుచున్నాను. ఇప్పటికి ఇద్దరు మానుకొనిరి. తమ పత్రిక ద్వారా మరికొందరైన మానుకొందురని ఆశించుచున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
బరంపురము, గంజాం జిల్లా